పేరు రాసిన కాగితం మీద జవాబు

కాలేజీ రోజుల్లో ఒక అథ్లెటిక్స్ శిబిరంలో మా చేతికి ప్రశ్నపత్రం ఇచ్చారు. సత్తా పెంచే నిషేధిత ఉత్ప్రేరకాలు వాడడం తప్పని భావిస్తున్నారా అన్నది అందులో ఒక ప్రశ్న. కాగితం పైన పేరు రాయాలి, నింపాక కోచ్‌కే అందించాలి. అందరం "అవును" దగ్గరే టిక్కు పెట్టాం. నా పక్కన కూర్చున్న కుర్రాడి సంచిలో సిరంజి ఉండేదని మాలో చాలామందికి తెలుసు. అతడి టిక్కే అందరికంటే ముదురుగా పడింది.

2011లో దక్షిణ కొరియాలోని డేగూలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లోను, అదే ఏడాది దోహాలో జరిగిన అరబ్ క్రీడల్లోను పరిశోధకులు రెండు వేలకు పైగా క్రీడాకారులను మరో విధంగా అడిగారు. దగ్గరివారి పుట్టినరోజు ఒకటి తలచుకోమన్నారు. అది నెలలో మొదటి పది రోజుల్లో వస్తే, ఆ పుట్టినరోజు ఏడాది మొదటి సగంలో ఉందా అన్న మామూలు ప్రశ్నకు, లేకుంటే గత పన్నెండు నెలల్లో తెలిసి డోపింగ్‌కు, అంటే నిషేధిత ఉత్ప్రేరకాల వాడకానికి, పాల్పడ్డారా అన్న ప్రశ్నకు జవాబివ్వమన్నారు. ఎవరి "అవును" ఏ ప్రశ్నకో అడిగినవారికి కూడా తెలియదు, కానీ పుట్టినరోజుల లెక్క ముందే తెలుసు కాబట్టి, మొత్తం జవాబుల నుంచి డోపింగ్ చేసినవారి నిష్పత్తిని అంచనా కట్టవచ్చు. ఆ అంచనా డేగూలో 43.6 శాతం, దోహాలో 57.1 శాతం. అక్కడి డోపింగ్ పరీక్షల్లో దొరికిన నమూనాలు మాత్రం 0.5 శాతం, 3.6 శాతమే.

ఈ అంకెలు చదివిన రోజు నాకు ఆ కుర్రాడే గుర్తొచ్చాడు. అతడిని అబద్ధాలకోరు అనడానికి నాకు మనసొప్పదు. జట్టులో చోటు ఎవరి చేతిలో ఉందో వారికే ఆ కాగితం ఇవ్వమన్నప్పుడు, అతడు ఇంకేం రాయగలడు?