హీరో భుజానికి కట్టు ఎవరు కడతారు?

సూపర్ హీరో సినిమా చూస్తున్నప్పుడు నా కళ్లు ముందు చేతుల మీదికి పోతాయి. ఇందాక గోడను గుద్దిన చెయ్యి ఇప్పుడు కాఫీ కప్పు ఎలా పట్టుకుంది? చిటికెన వేలు పూర్తిగా ముడుచుకుంటోందా? వాపు ఏదీ? ఫిజియోథెరపీ చేసేవాళ్లకు ఇలా చూడటం అలవాటైపోతుంది. మా అబ్బాయి విసుక్కుంటాడు. "అమ్మా, సినిమా కదా, వదిలెయ్" అంటాడు. నేను ఎందుకు వదలనో వాడికి చెప్పిన మాటలే ఇక్కడా రాస్తున్నాను. కొన్ని సినిమాల కథలు చివరిదాకా చెప్పేస్తాను, చూడనివాళ్లు గమనించగలరు.

"రియలిస్టిక్ సూపర్ హీరో సినిమా" అనగానే చాలామందికి గుర్తొచ్చేది చీకటి, వాన, నవ్వడం మర్చిపోయిన హీరో. వెలుతురు తగ్గిస్తే నమ్మకం పెరుగుతుందని ఎవరు చెప్పారో నాకు తెలియదు. హీరో గాల్లో ఎగిరినా నాకు అభ్యంతరం లేదు, కార్లు ఎత్తినా లేదు. దెబ్బ తగిలాక ఏమైందో చూపించాలి, అంతే. తగిలిన దెబ్బకు నొప్పి ఉండాలి. ఆ నొప్పి తగ్గడానికి కొన్ని వారాలు పట్టాలి. ఆ వారాల్లో పక్కన ఎవరో ఒక మనిషి ఉండాలి. ఈ మూడూ ఉన్న సినిమాను నేను మనసారా నమ్ముతాను.

అలా నన్ను పూర్తిగా నమ్మించిన సినిమా 2000లో వచ్చిన 'అన్‌బ్రేకబుల్'. ఎం. నైట్ శ్యామలన్ తీశాడు. ఫిలడెల్ఫియాలో ఒక స్టేడియంలో సెక్యూరిటీ గార్డుగా పనిచేసే డేవిడ్ డన్ పాత్ర బ్రూస్ విల్లిస్‌ది. రైలు ప్రమాదంలో తనతో ఉన్నవాళ్లంతా చనిపోతే అతనొక్కడే బయటపడతాడు, ఒంటి మీద గీత కూడా పడదు. శామ్యూల్ ఎల్. జాక్సన్ వేసిన ఎలైజా ప్రైస్ దీనికి పూర్తిగా ఎదురు. పుట్టుకతోనే ఎముకలు పెళుసు. ఆస్టియోజెనిసిస్ ఇంపెర్ఫెక్టా అనే జబ్బు. ఎముకకు పట్టునిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ సరిగా తయారవ్వదు, చిన్న దెబ్బకే విరుగుతుంది. తన జీవితంలో 54 సార్లు ఎముకలు విరిగాయని, తనది ఈ జబ్బులో అన్నిటికంటే తేలికైన రకమని ఎలైజా చెబుతాడు. వైద్యపరంగా ఆ మాట నిజమే. టైప్ 1 అన్నదాన్ని మేమూ తేలిక రకంగానే లెక్కిస్తాం. తేలిక రకమే అంత బాధ పెడుతుందని ఒక్క డైలాగులో చెప్పిన రచయిత మీద నాకు గౌరవం.

ఈ సినిమాలో నాకు అన్నిటికంటే దగ్గరైన మనిషి డేవిడ్ భార్య ఆడ్రీ. రాబిన్ రైట్ నటించింది. ఆమె ఉద్యోగం ఏమిటో తెలుసా? ఫిజియోథెరపిస్టు. సూపర్ హీరో కథలో మా వృత్తి మనిషి కనబడటమే అరుదు, అందులోనూ కథకు కీలకమైన చోట. మెట్ల మీద పడి మళ్లీ ఎముకలు విరగ్గొట్టుకున్న ఎలైజా ఆమె దగ్గరికే చికిత్సకు వస్తాడు. ఆమె అతనితో వ్యాయామం చేయిస్తుంటే, దెబ్బే తగలని మనిషి డేవిడ్ అన్న అనుమానంతో, మాటల మధ్యలో ఆమె భర్త గురించి కూపీ లాగుతాడు. ఇది ఎంత సహజమో మా వాళ్లకు తెలుస్తుంది. కాలు మన చేతిలో పెట్టి అరగంట కూర్చునే మనిషి ఏదో ఒకటి మాట్లాడతాడు, మనమూ మాట్లాడతాం. అక్కడ దాపరికాలు నిలవవు. డేవిడ్ కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆటగాడని, కారు ప్రమాదంలో దెబ్బ తగిలి ఆట మానేశాడని ఆమె నమ్మకం. నిజానికి ఆ ప్రమాదంలో అతనికి ఏమీ కాలేదు. ఆడ్రీకి ఆ ఆటలోని హింస గిట్టదు కాబట్టి, ఆమె కోసం దెబ్బ తగిలినట్టు నటించి ఆట వదిలేశాడు. దెబ్బలు చూసి బతికే మనిషి పక్కన, తగలని దెబ్బను మోస్తూ ఒక మొగుడు ఇన్నేళ్లు కాపురం చేశాడు. శక్తి ఉన్న మనిషి ఇంట్లో అసలు జరిగేది ఇలాంటిదే అనిపిస్తుంది నాకు.

బరువులెత్తే సీన్ అందరూ మెచ్చుకుంటారు, నేను ఇంకో కారణానికి మెచ్చుకుంటాను. ఇంటి కింద గదిలో డేవిడ్ బెంచ్ మీద పడుకుని బరువులు ఎత్తుతుంటాడు. కొడుకు జోసెఫ్ తీసేయమన్న బరువులు తీయకుండా కలుపుతాడు. నాన్న ఎత్తేస్తాడు. ఇంకొంచెం కలుపుతారు. ఇద్దరికీ భయం, దాన్ని మించిన కుతూహలం. బరువులు అయిపోతే పెయింటు డబ్బాలు కూడా తగిలిస్తారు. చివరికి మొత్తం సుమారు 350 పౌండ్లు, అంటే 158 కిలోల దాకా. ఇప్పుడు ఒక విషయం చెబుతాను. బెంచ్ ప్రెస్‌లో ప్రపంచ రికార్డులు 350 కిలోలు దాటాయి. మన హీరో ఎత్తింది అందులో సగం కూడా లేదు. గట్టిగా సాధన చేసే జిమ్ మనుషులు ఎత్తగలిగిన బరువే. అయినా ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే అతను అంత బరువు ఎప్పుడూ ఎత్తని మధ్యవయసు గార్డు, పక్కన నిలబడి చూస్తున్నది సొంత కొడుకు. మామూలు మనిషి హద్దుకు ఒక్క అడుగు అవతలికి వెళ్లినా ఎంత పెద్ద విషయమో ఈ సీన్ చూశాక అర్థమైంది. బస్సును ఒంటి చేత్తో విసిరేసే సీన్లు నాలో ఆ భయం పుట్టించలేదు.

చివర్లో పోరాటం కూడా అంతే. ఒక ఇంట్లో చొరబడి పిల్లల్ని బందీ చేసిన హంతకుణ్ణి డేవిడ్ వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించి పట్టుకుంటాడు, వదలడు. వాడు ఇతన్ని గోడలకేసి కొడుతుంటాడు. ఒక్క గుద్దు లేదు, గాల్లో పల్టీ లేదు. మనిషి స్పృహ తప్పడానికి పట్టే సమయం ఎంత పొడుగో చూస్తున్న మనకు తెలిసొస్తుంది. అంతకుముందే అతను ఈత కొలనులో పడి మునిగిపోబోతే, అదే ఇంట్లో బందీలైన పిల్లలు కర్ర అందించి బయటికి లాగుతారు. రక్షించడానికి వచ్చినవాణ్ణే పిల్లలు రక్షించాల్సి వచ్చింది. ఎవరి సాయమూ అక్కర్లేని హీరో మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు, బహుశా అందుకే ఈ సీన్ ఇంత నచ్చింది.

ఇక కింద పడుతున్న మనిషిని హీరో పట్టుకునే సీన్ గురించి. ఇది ప్రతి రెండో సినిమాలో ఉంటుంది, ప్రతిసారీ నా మెడ పట్టేస్తుంది. లెక్క చాలా తేలిక. 60 మీటర్ల ఎత్తు నుంచి ఒకరు పడుతున్నారనుకోండి. కిందికి వచ్చేసరికి, గాలి అడ్డును పక్కన పెడితే, వేగం గంటకు 120 కిలోమీటర్లు దాటుతుంది. హీరో కింద నిలబడి రెండు చేతులూ చాపి పట్టుకున్నాడు, చేతులు ఒక అర మీటరు కిందికి వాలాయి. 60 మీటర్లలో వచ్చిన వేగమంతా ఆ అర మీటర్లో పోవాలి. 60ని అరతో భాగిస్తే 120. ఆ మనిషి ఒంటి మీద తన బరువుకు 120 రెట్లు పడ్డట్టు. 60 కిలోల మనిషికి అది 7 టన్నులు. నేల మీద పడటానికి, ఉక్కులాంటి చేతుల మీద పడటానికి వెన్నెముకకు పెద్ద తేడా తెలియదు.

కామిక్స్ రాసేవాళ్లు ఈ సంగతి ఎప్పుడో ఒప్పుకున్నారు. 1973లో 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 121వ సంచికలో, వంతెన మీది నుంచి పడుతున్న తన ప్రియురాలు గ్వెన్ స్టేసీ కాలికి స్పైడర్‌మ్యాన్ దారం వేసి ఆపుతాడు. ఆమె ఆగుతుంది, కానీ బతకదు. ఉన్నట్టుండి ఆగడం వల్లే మెడ విరిగింది. కాపాడబోయిన చెయ్యే ప్రాణం తీసింది. దీన్ని మించిన బాధ్యత పాఠం ఏ ఉపన్యాసంలోనూ లేదు.

దీనికి మందు కూడా ఆ లెక్కలోనే ఉంది. ఎగరగలిగే హీరో కింద నిలబడకూడదు. పడుతున్న మనిషి పక్కనే తనూ పడాలి, అదే వేగంతో. సగం దూరం, అంటే 30 మీటర్లు, అలా పడ్డాక చేతుల్లోకి తీసుకుని మిగతా 30 మీటర్లలో నెమ్మదిగా ఆపాలి. అప్పుడు ఒంటి మీద పడేది తన బరువుకు రెండు రెట్లే. ఎవరైనా తట్టుకుంటారు. దర్శకులు ఒక్కసారి ఊహించుకోండి, కిందికి పడుతూనే పక్కనున్న మనిషి కళ్లలోకి చూసి "నన్ను గట్టిగా పట్టుకో" అనే హీరోని. థ్రిల్ ఎక్కడ తగ్గింది?

నాకు నిజంగా కోపం తెప్పించిన సినిమా 2012 నాటి 'ద డార్క్ నైట్ రైజెస్'. కోపం ఎందుకంటే మొదట్లో అంత బాగా మొదలుపెట్టింది. బ్రూస్ వేన్, అంటే బ్యాట్‌మ్యాన్, చేతికర్ర పట్టుకుని నడుస్తుంటాడు. డాక్టర్ చూసి, మోకాలిలో గుజ్జు మిగల్లేదని, మోచేతుల్లో, భుజాల్లో కూడా పనికొచ్చేది పెద్దగా లేదని, మెదడుకు కూడా పాత దెబ్బలు ఉన్నాయని చెబుతాడు. నేను కుర్చీలో ముందుకు జరిగాను. రాత్రుళ్లు కప్పుల మీంచి దూకే మనిషికి కొన్నేళ్లకు కచ్చితంగా వచ్చే రిపోర్టు అది! తర్వాత కాలికి ఒక యంత్రపు పట్టీ బిగించుకుని ఇటుకలు పగలగొట్టేస్తాడు. సరే, అదీ ఓర్చుకున్నాను. మోకాలి పట్టీ బరువును కొంచెం పక్కకు మళ్లిస్తుంది, అరిగిన గుజ్జును తిరిగి తేదు.

విలన్ అతని వెన్ను విరగ్గొట్టి జైల్లో పడేశాక వచ్చే సీన్ మాత్రం ఓర్చుకోలేను. వెన్నుపూస బయటికి పొడుచుకొచ్చిందని ఒక ఖైదీ దాని మీద గుద్ది లోపలికి తోస్తాడు. తర్వాత తాడుకు వేలాడదీస్తారు. కొన్నాళ్లకు హీరో లేచి కసరత్తు మొదలుపెడతాడు. దయచేసి ఎవరూ దీన్ని నిజమనుకోకండి. వెన్నుకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే మేం ఆ మనిషిని ఒక్కరం కదిలించం. ముగ్గురు నలుగురం కలిసి, తల, మెడ, వీపు ఒకే వరుసలో ఉండేలా, ఒకే మాట మీద తిప్పుతాం. జారిన పూస పక్కనే వెన్నుపాము ఉంటుంది. ఒక్క తప్పుడు కదలిక చాలు, నడుము కింది భాగం జీవితాంతం పలకకపోవచ్చు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో వెన్ను దెబ్బ తిన్న కుర్రాళ్లు ఉన్నారు. మంచం అంచున సాయం లేకుండా కూర్చోవడం వాళ్లకు నెలల పని. ఆ కూర్చోవడంలో ఉన్న పట్టుదల, ఆ చెమట, ఆ రోజు వాళ్ల అమ్మ మొహం, ఇవి తెర మీద ఎవరైనా చూపిస్తే జనం చప్పట్లు కొట్టరా? కొడతారు. నేను రోజూ చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

2012లోనే వచ్చిన 'క్రానికల్' చిన్న సినిమా. జోష్ ట్రాంక్ తీశాడు. ముగ్గురు కుర్రాళ్లకు మనసుతో వస్తువులు కదిలించే శక్తి వస్తుంది. దాన్ని వాళ్లు కండరంలా చూస్తారు. మొదట చిన్న చిన్న బొమ్మ ఇటుకలు, తర్వాత కారు, చాలా తర్వాత ఎగరడం. ఎక్కువ వాడితే ముక్కులోంచి రక్తం. ఇది అచ్చం మేం వ్యాయామం పెంచే పద్ధతే. కోపంలో ఒకడు వెనకొస్తున్న బండిని రోడ్డు మీంచి నెట్టేశాక, వాళ్లే కూర్చుని నియమాలు పెట్టుకుంటారు. ప్రాణం ఉన్నవాటి మీద వాడకూడదు, కోపంలో వాడకూడదు, జనం ముందు వాడకూడదు. ఆ నియమాలు ఎక్కువ కాలం నిలవవు. ఇంట్లో రోజూ దెబ్బలు తినే పిల్లవాడి చేతిలో అంత బలం పెడితే ఏమవుతుందో ఆ సినిమా మొహమాటం లేకుండా చూపించింది.

'మిన్నల్ మురళి'లో కూడా నాకు ఇదే కనిపించింది. 2021లో బాసిల్ జోసెఫ్ తీసిన మలయాళ సినిమా, తెలుగులోనూ చూడొచ్చు. ఒకే రాత్రి ఇద్దరికి పిడుగు తగులుతుంది. నిజంగా పిడుగు తగిలినవాళ్లలో ఎక్కువమంది బతుకుతారు, కాకపోతే చెవి కర్ణభేరి పగలడం, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం, నరాల నొప్పి వెంట వస్తాయి. సినిమా అటు పోలేదు, పర్లేదు. టైలర్ జైసన్ పక్కన ఒక మేనల్లుడున్నాడు. మామయ్య శక్తిని పరీక్షించేది, నమ్మేది, హీరో అంటే ఏమిటో నేర్పేది వాడే. పిడుగు తగిలిన రెండోవాడు షిబు పక్కన ఎవరున్నారు? ఊరంతా వెలివేసిన మనిషి. అతనికి మిగిలింది ఉష ఒక్కతే, ఆమె కూతురి ఆపరేషన్ కోసమే అతను దొంగతనానికి దిగుతాడు. ఉషను ఊరు పెట్టిన మంట మింగేశాక అతన్ని ఆపేవాళ్లు లేరు. షిబుగా వేసిన గురు సోమసుందరం కళ్లు చూస్తూ, ఈ మనిషికి ఎవరైనా ఒక్కరు ముందే భోజనం పెట్టి పలకరించి ఉంటే అనుకోకుండా ఉండలేకపోయాను.

'లోగన్' (2017) గురించి ఎంతైనా రాయొచ్చు, ఒక్కటే రాస్తాను. వయసు మీదపడిన హీరో లోగన్, చేతిలోంచి వచ్చే కత్తి ఒకటి సగంలో ఇరుక్కుంటే దాన్ని వేళ్లతో పట్టి బయటికి లాగుతాడు. చదవాలంటే కళ్లద్దాలు కావాలి. ఆ ఒళ్లుతోనే, మెదడు జబ్బుతో ఉన్న ముసలి గురువు చార్లెస్‌ను ఎత్తుకెళ్లి మంచం మీద పడుకోబెడతాడు, వేళకు మందులు వేస్తాడు, తిట్లు తింటాడు. పెద్దవాళ్లను ఇంట్లో చూసుకునే కొడుకులకు, కోడళ్లకు నడుం వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తమని నేను నేర్పుతుంటాను. లోగన్ ఎత్తే పద్ధతి చూసి వెంటనే అనుకున్నాను, ఇతని నడుముకు కత్తుల కంటే ఇదే ఎక్కువ బరువని.

మా అబ్బాయి చివరికి అడిగాడు, "అయితే అమ్మా, ఇవన్నీ పెడితే సినిమా ఆస్పత్రిలా ఉండదా?" అని. అన్నీ పెట్టక్కర్లేదు నాన్నా అన్నాను. గోడను గుద్దిన మనిషికి చిటికెన వేలి కింద ఎముక విరుగుతుంది. మా దగ్గరికి ఎక్కువగా వచ్చే కేసుల్లో అదొకటి, కోపంలో తలుపులు గుద్దినవాళ్లే ఎక్కువ. మూడు నాలుగు వారాలు పట్టీ, ఆ తర్వాత పిడికిలి బిగించడం మళ్లీ నేర్చుకోవాలి. ఒక సినిమాలో ఆ ఒక్క వేలు చూపిస్తే చాలు. ఇంటర్వెల్ ముందు విరిగిన వేలు క్లైమాక్స్‌లో కూడా పూర్తిగా ముడవకూడదు, హీరో ఎడమ చేత్తో పని కానివ్వాలి. "అప్పుడు విలన్‌కి ఆ సంగతి తెలిస్తే?" అన్నాడు వాడు, సర్దుకుని కూర్చుని. ఆ తర్వాత అరగంట సేపు వాడే కథ అల్లుకుంటూ పోయాడు.