స్టీరియో దీపం వెలిగింది

మా మావయ్య మస్కట్ నుంచి తెచ్చిన పాత రిసీవర్‌ని మొన్న అమలాపురంలో మా అరుగు మీద విప్పాను. ఎఫ్ఎంలో పాట వస్తోంది గానీ కుడి ఎడమలు విడివిడిగా వస్తున్నాయని చెప్పే స్టీరియో దీపం వెలగట్లేదు.

ట్యూనర్ ఏ స్టేషన్‌నైనా 10.7 మెగాహెర్ట్జ్‌కి దించి అక్కడే వడగడుతుంది. అసలు అందం ఆ తర్వాతే. కుడి ఎడమ శబ్దాల మొత్తం మామూలుగా వస్తుంది. వాటి తేడా మాత్రం 38 కిలోహెర్ట్జ్ మీద ఎక్కి వస్తుంది. దాన్ని దింపడానికి ఆనవాలు, స్టేషన్ కూడా పంపే 19 కిలోహెర్ట్జ్ పైలట్ టోన్ అనే స్వరం. కుడి ఎడమల్ని విడదీసే డీకోడర్‌లోని ఆసిలేటర్, అంటే తరంగాన్ని పుట్టించే సర్క్యూట్, 76 కిలోహెర్ట్జ్ దగ్గర తిరుగుతూ, దాంట్లో నాలుగో వంతుని పైలట్‌తో సరిచూసుకోవాలి. మాది జారిపోయింది. కోనసీమ తేమకి, దాన్ని సరిచేసే చిన్న తిప్పుడు మర, ప్రీసెట్, మురికిపట్టింది.

తుడిచి, వెంట్రుకవాసి తిప్పాను. ఎర్రదీపం! మొత్తానికి తేడా కలిపితే ఎడమ, తీసేస్తే కుడి. వీణ ఒకపక్క, మృదంగం ఇంకోపక్క విడివడ్డాయి. వెంటనే మావయ్యకి ఫోన్ చేసి, స్పీకర్ దగ్గర పెట్టాను.