వందకు 31, వందకు 25

పర్లాకిమిడిలో మా బావగారు, ఆయన తమ్ముడు కలిసి జీడిపప్పు వ్యాపారం చేస్తారు. రిటర్ను వేసేముందు లెక్కలు చూడమంటే వెళ్లాను. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ కదా, మొదటి రూపాయి లాభం నుంచే 30 శాతం పన్ను, సెస్సుతో 31.2. వేల కోట్ల లాభమున్న కంపెనీ 2019 నాటి కొత్త రేటు ఎంచుకుంటే, సర్‌చార్జి, సెస్సు కలిపినా 25.17 శాతమే! చాలా మినహాయింపులు వదులుకోవాలి, డివిడెండు మీద వాటాదారులు మళ్లీ కట్టాలి, నిజమే. అయినా జీడి నూనెకు వేళ్లు నల్లబడ్డ ఆడవాళ్ల మధ్య కూర్చుని చూస్తే ఆ ఆరు రూపాయల తేడా నాకు మింగుడుపడలేదు.

"మనమూ కంపెనీ చేసేద్దామా?" అన్నారు బావగారు. ఏటా ఆడిట్, ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) దగ్గర ఫైలింగులు, ఫీజులు... ఇంత చిన్న యూనిట్‌కు అదో టెన్షన్. కంపెనీల పన్నులో 2019 కోతతో ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని అప్పట్లో ప్రభుత్వమే చెప్పింది. ఫర్మ్‌ల రేటు మాత్రం కదల్లేదు. తగ్గించాల్సింది ముందు వీళ్లకే.