అతను కూడా ఇష్టమన్న రోజు

మొన్న విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో అక్కకి ఫోన్‌లో ఒక మాట చూపించాను: లిథోసెక్సువల్. ఆదివారం పెళ్ళిచూపులు. ఆ టెన్షన్‌తోనే చూపించాను.

"మనసు పడతావు, వాళ్ళూ ఇష్టమంటే వద్దంటావా? అదేంటే?" అంది.

అదే అక్కా. ఆఫీసులో ఒకతను రెండేళ్ళు నచ్చాడు. చొక్కా చేతులు మోచేతి దాకా మడిచే తీరు ఇప్పటికీ గుర్తే. ఒకరోజు టీ కప్పు నా ముందు పెట్టి, తనకీ నేనంటే ఇష్టమన్నాడు. అంతే, లోపల ఏదో ఆరిపోయింది. అతని తప్పేం లేదు. అయినా పాపం, నెల రోజులు సారీ చెబుతూనే ఉన్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

లైంగిక ఆకర్షణ అసలు లేనివాళ్ళనీ, తక్కువగానో వేరేలానో ఉండేవాళ్ళనీ కలిపి చెప్పే ఎసెక్సువల్ అనే పెద్ద గొడుగు కిందకి వచ్చే పేరిది. ఆకర్షణ కలుగుతుంది, అటునుంచి తిరిగి రావాలని మాత్రం ఉండదు. కొందరికి తిరిగొస్తే ఉన్నదీ పోతుంది. గ్రీకులో లిథోస్ అంటే రాయి. కొందరు ఇదే అర్థంలో అకోయిసెక్సువల్ అంటారు. నాకు అదే నచ్చింది. నేను రాయిని కాదు.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. మంగళగిరి దాటాక నా చెయ్యి పట్టుకుని, "అమ్మకి నేను చెప్పనా, నువ్వు చెప్తావా?" అంది.