గట్టిదనం సరిపోయింది, బేరింగే పోయింది

మా యూనిట్ చీమకుర్తిలో. గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు కోసి, పాలిష్ పట్టి పంపుతాం. కోత మిషన్ స్పిండిల్‌కి వేసేది 22218 నంబరు రోలర్ బేరింగ్. చివరి రెండంకెలను ఐదుతో హెచ్చవేస్తే బోరు సైజు, అంటే షాఫ్ట్ దూరే రంధ్రం వ్యాసం వస్తుంది, 90 మిల్లీమీటర్లు. ఆ నంబరు రకాన్నీ సైజునీ చెబుతుంది, అంతే. లోపలున్న స్టీలు ఎంత శుభ్రమైనదో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

ఏళ్ల తరబడి తిరగాల్సిన బేరింగులు నెలల్లోనే మోత పెట్టసాగాయి. ఓనరు గారు గ్రీజు తక్కువైందన్నారు. మెకానిక్ బాబాయ్ బెల్టు మీద అనుమానపడ్డాడు. ఆయన మాటలో విషయం లేకపోలేదు. రోలర్ బేరింగ్ మీద లోడు రెట్టింపైతే ఆయుష్షు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. కానీ బెల్టు బిగువు, షాఫ్ట్ అలైన్‌మెంట్ రెండూ సరిగ్గానే ఉన్నాయి.

విప్పి చూస్తే ఇన్నర్ రేస్ మీద, అంటే రోలర్లు దొర్లే లోపలి రింగు మీద, గోరంత మేర పెచ్చు లేచిపోయి ఉంది. గుంట అంచులు పదునుగా ఉన్నాయి. దాని చుట్టూ మాత్రం మెరుపు చెక్కుచెదరలేదు. "రాతిపొడి పోయుంటే చుట్టూ సన్న నొక్కులు పడాల కదా సార్, ఒక్కటీ లేదే" అన్నాడు బాబాయ్. నాకు అక్కడే పట్టు దొరికింది.

రింగును చెన్నై ల్యాబుకు పంపుతానంటే "పోయినదాని మీద మళ్లీ ఖర్చెందుకయ్యా" అని ఓనరు గారు విసుక్కున్నారు. ముందు వచ్చిన రిపోర్టు ఆయన్నే సమర్థించింది. కార్బన్ ఒక శాతం, క్రోమియం ఒకటిన్నర శాతం, గట్టిదనం రాక్‌వెల్ సి కొలమానం మీద 61. బేరింగ్ స్టీలుకు ఉండాల్సినవే. గట్టిదనం 58 కంటే తగ్గితే ఆయుష్షు బాగా పడిపోతుంది, మాది హాయిగా పైనే ఉంది. అమ్మిన షాపతను కాగితం చూసి "ఇంకేం కావాలి సార్ మీకు?" అన్నాడు.

మైక్రోస్కోపు కింద ఏముందో చూద్దామని ఒంగోల్లో రైలెక్కాను. ల్యాబులో కుర్రాడు తెలుగువాడే కావడం నా అదృష్టం. రింగు ముక్కను అద్దంలా పాలిష్ చేసి చూపించాడు. తెల్లటి స్టీల్లో నల్లటి చుక్కలు వరసగా, చీమల బారులా ఉన్నాయి. కరిగిన స్టీల్లో ఆక్సిజన్‌ను తీసెయ్యడానికి అల్యూమినియం వేస్తారు. ఆ రెండూ కలిసి పుట్టిన అల్యూమినా నలుసులు పూర్తిగా బయటికి రాక మిగిలిపోయినవే ఇవి. తర్వాత అదే ముక్కకు యాసిడ్ పట్టించాడు. ఒక నలుసుకు రెండు వైపులా తెల్లగా రెక్కలు విచ్చుకున్నాయి, రెక్క అంచు వెంబడే సన్నటి పగులు. దీన్ని వాళ్లు సీతాకోకచిలుక అనే పిలుస్తారట. అంత అందమైన పేరు దీనికెందుకో!

రోలర్ దొర్లినప్పుడు లోహాన్ని పక్కకి జరిపి చీల్చే ఒత్తిడి (షియర్) ఎక్కువగా పడేది రేస్ పైన కాదు, కాస్త కింద. సరిగ్గా అక్కడ గట్టి నలుసుంటే ఒత్తిడంతా దాని చుట్టూనే పోగుపడుతుంది. పగులు లోపల పుట్టి, పైకి పాకి, పెచ్చు లేస్తుంది. గట్టిదనం కొలిచే మొనకు ఇవి కనపడవు. మంచి కంపెనీలు కరిగిన స్టీలును వాక్యూమ్‌లో పెట్టి వాయువులు లాగేసి, ఆక్సిజన్‌ను పది లక్షల్లో పది పాళ్లకంటే కిందికి తెస్తాయి. ఖరీదంతా ఆ పనిదే. మేం చవకని కొన్నదాంట్లో లేనిదీ అదే.

షాపతను డబ్బు తిరిగివ్వలేదు, అడగడం కూడా మానేశాం. ఇప్పుడు కంపెనీ డీలర్ దగ్గరే బిల్లుతో కొంటున్నాం. కొత్తది చల్లగా తిరుగుతోంది. బాబాయ్ దృష్టి మాత్రం బేరింగ్‌లోకి మురికి పోకుండా ఆపే సీళ్ల మీదికి మళ్లింది. స్టీలు ఎంత శుభ్రమైనదైనా గ్రానైట్ బురద లోపలికి పోతే నొక్కులు పడి, పైనుంచే పగుళ్లు మొదలవుతాయి. ఓనరు గారిని ఒప్పించే పని ఈసారి ఆయనకే వదిలేశాను.