పెదనందిపాడు దారిలో

బెజవాడ గాంధీ కొండ మీద 1968లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించిన స్తూపం ఉంది. అక్కడ నిలబడితే కింద రైల్వే స్టేషనంతా కనబడుతుంది. ఈ ఊళ్లోనే 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో కాంగ్రెస్ కమిటీ కూర్చుని సహాయ నిరాకరణ ఉద్యమానికి కోటి మంది సభ్యులు, కోటి రూపాయల నిధి, 20 లక్షల రాట్నాలు కావాలని లెక్క వేసుకుంది. ఆ ఉద్యమం పల్లెలో శిస్తు నిరాకరణగా ఎలా నడిచిందో చూడాలనే గుంటూరు బస్సెక్కాను.

గుంటూరు నుంచి ప్రత్తిపాడు మీదుగా వెళితే పెదనందిపాడు. రాత్రి జల్లు పడినట్టుంది, చేలో రెండడుగులు వేశానో లేదో నల్లరేగడి చెప్పులకు ముద్దలుగా అంటుకుంది. పుల్లతో గీకితే తప్ప ఊడలేదు. ఈ నేల శిస్తే 1922 జనవరిలో ఇక్కడి రైతులు తెల్లవాళ్ల సర్కారుకు కట్టం అన్నారు, పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో.

శిస్తు తనంతట తాను ఖజానాకు నడిచిపోదు. లెక్క కరణం దగ్గర, వసూలు మునసబు చేతిలో. అందుకే గ్రామోద్యోగులు ముందుగా రాజీనామాలు ఇచ్చారు. ఎవరిది ఏ చెక్కో, ఎంత బాకీయో చెప్పేవాడు లేకపోతే పైనుంచి వచ్చిన అధికారికి ఊరంతా ఒకే పొలం. ఆ తర్వాత వచ్చేది జప్తు. ఎద్దును తోలుకుపోయినంత మాత్రాన సర్కారుకు డబ్బు రాదు, వేలంలో ఎవరో ఒకరు పాడాలి. పాడేవాళ్లు ముందుకు రాలేదు.

ఇక్కడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. జప్తుకొచ్చినవాడి మీద ఒక్క రాయి పడితే శిస్తు తగాదా కాస్తా శాంతిభద్రతల కేసైపోతుంది, తుపాకీకి సాకు దొరుకుతుంది. శాంతిసేన వాలంటీర్లు ఉన్నది అందుకే. సాకిన ఎద్దు గుమ్మం దాటి పోతుంటే చేతులు కట్టుకుని నిలబడటం కన్నా కష్టమైన పని సత్యాగ్రహంలో ఇంకొకటి లేదని నా నమ్మకం.

1921 నవంబరులో ఢిల్లీలో శాసనోల్లంఘనకు దిగేవాళ్లకు కాంగ్రెస్ పెట్టిన షరతుల్లో ఖద్దరు, హిందూ ముస్లిం ఐక్యతతో పాటు అంటరానితనం వదలడం కూడా ఉంది. దాన్ని చాలామంది పైపై మాటగా తీసుకుంటారు. కానీ వాడ, ఊరు ఒకటి కాకపోతే వేలానికి పాటగాణ్ణి వెతకడం సర్కారుకు ఎంత సేపు?

ఉద్యమం ఆగింది ఇక్కడి తప్పు వల్ల కాదు. 1922 ఫిబ్రవరి 4న ఉత్తరాదిన చౌరీచౌరాలో గుంపు ఠాణా తగలబెట్టి పోలీసులను చంపింది. 12న గుజరాత్‌లోని బార్డోలీలో కాంగ్రెస్ కమిటీ కూర్చుని దేశమంతటా శాసనోల్లంఘన నిలిపేసింది. పెదనందిపాడూ ఆపేసింది.

వెళ్లేవాళ్లు సంక్రాంతి దాటాక వెళ్లండి. పంట ఇంటికి చేరే రోజులవి. జప్తుకు దొరికేదంతా అప్పుడు కళ్లంలోనే ఉంటుంది.