ఏడో మెట్టు

మన హైస్కూలు బ్యాచి జ్ఞాపకాల సంచికకు ఏదైనా రాయమని కమిటీ తరఫున గంట ఫోన్ చేశాడు. (బళ్ళో పెట్టుకున్న మారుపేర్లే ఇక్కడా వాడతాను.) "ఐదేళ్ళ జ్ఞాపకాలన్నీ రెండు పేజీల్లో పెట్టెయ్, నీకదెంత పని" అన్నాడు. ఐదేళ్ళూ నా వల్ల కాదు. ఆరో తరగతి అంటే వరండాలో కొత్త చెప్పుల చప్పుడు ఒక్కటే గుర్తుంది. ఏడో తరగతిలో సగం కామెర్లతో మంచం మీదే గడిచింది. ఎనిమిదీ పదీ ఎటు పోయాయో నాకే తెలియదు. నా చదువంతా తొమ్మిదో తరగతి జనవరిలో, ఆ చెరువొడ్డున మద్దిచెట్ల కింద మూడు రాత్రుల్లో జరిగింది. దాని గురించే రాస్తాను. మిగతా నాలుగేళ్ళ సంగతి జేబురుమాలు రాస్తాడు, వాడికి హాజరుపట్టీ మొత్తం నోటికొచ్చు.

మొదట ఆ శిబిరానికి వెళ్ళేవాళ్ళ జాబితాలో ఆడపిల్లల పేర్లు లేవు. ఈ మాట మగపిల్లల్లో ఎంతమందికి గుర్తుందో! అడవి, గుడారాలు, రాత్రిళ్ళు అనేసరికి మా పేర్లు ఎవరూ అడక్కుండానే పక్కకు పెట్టేశారు. లెక్కల మాస్టారు ఆ కాగితం చూసి, "లెక్కల్లో మొదటి ఐదుగురిలో నలుగురు ఆడపిల్లలే. వీళ్ళు లేకుండా నేను వెళ్ళి అక్కడ ఏం కొలవను?" అన్నారు. తర్వాత వారం రోజులు సాయంత్రం పూట సైకిలు మీద ఒక్కో ఇంటికీ తిరిగారు.

మా ఇంటికి వచ్చింది గురువారం. నాన్న కుర్చీ వేసి, "అడవి కదా మాస్టారూ" అని ఊరుకున్నారు. మాస్టారు వాదించలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి, అరుగు మీద చెరువు గట్టు గీశారు. ఆడపిల్లల గుడారాలు మూడు, వాటికి అటూ ఇటూ కుట్టు టీచరుగారూ డ్రిల్లు మాస్టారి భార్యా పడుకునే చోటు, లాంతర్లు వేలాడదీసే కొమ్మలు, కాపలా కాసేవాళ్ళు నిలబడే చోటు, అక్కణ్ణుంచి ఒక్కో గుడారానికీ ఎన్ని అడుగులో అన్నీ వేశారు. నాన్న చాలాసేపు వంగి ఆ బొమ్మనే చూశారు. చివరికి, "ఈ మూల లాంతరు లేదండీ" అన్నారు. మాస్టారు అక్కడొక చుక్క పెట్టారు. నాన్న సంతకం పెట్టారు. ఆ బొమ్మను అమ్మ మూడు రోజులు కడగలేదు.

వెళ్ళిన రోజు మధ్యాహ్నమంతా గుడారాలకే సరిపోయింది. ఎక్కడ వేసుకోవాలో మాస్టారు చెప్పలేదు, మమ్మల్నే వెతుక్కోమన్నారు. మేం వెతికిన ప్రతి చోటికీ వచ్చి ఒక ప్రశ్న అడిగేవారు. పల్లంగా, మెత్తగా గడ్డి ఉన్న చోటు చూపిస్తే, "రాత్రి చల్లగాలి పైకి పోతుందా, కిందికి దిగుతుందా?" అన్నారు. పెద్దచెట్టు నీడ చూపిస్తే తల పైకెత్తి ఎండుకొమ్మను చూశారు. నీళ్ళ పక్కనే వేద్దామంటే తడిమట్టిలో గిట్టల గుర్తులు చూపించారు. అది జంతువులు నీళ్ళు తాగడానికి వచ్చే దారి. ఏది కాదో తేలగా తేలగా చివరికి మిగిలిన మిట్టే మన మకాం అయింది. గూటాలు గుడారానికి ఎదురువైపు వాల్చి కొట్టడం, నూలు తాళ్ళు మంచుకు తడిసి బిగుసుకుంటాయి కాబట్టి పడుకోబోయే ముందు కాస్త వదులు చేయడం అక్కడే తెలిసింది. రెండో గుడారం వాళ్ళు తాళ్ళు వదులు చెయ్యలేదు. తెల్లవారుజామున ఏమైందో వాళ్ళనే రాయమనండి.

నీళ్ళ దగ్గర జంటల పద్ధతి. నా జంట ఆకాశవాణి. ఈల వినపడితే ఎక్కడున్నా సరే జంట చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. మాస్టారు లెక్కపెట్టుకునేవారు. నలభై రెండు మంది, ఇరవై ఒక్క జంటలు. మోకాలి లోతు దాటి ఎవరూ దిగడానికి వీల్లేదు. మనం విసుక్కున్నాం. ఇప్పుడు నా పడవలో నేను అదే పద్ధతి పాటిస్తాను, ఎవరు విసుక్కున్నా మానను.

మొదటి రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడు, 1907లో ఇంగ్లండులోని బ్రౌన్సీ దీవి మీద, స్కౌటు ఉద్యమానికి ఆద్యుడైన బేడెన్ పావెల్ ఇరవై చిల్లర మంది పిల్లలతో వేసిన మొదటి స్కౌటు శిబిరం గురించి డ్రిల్లు మాస్టారు చెప్పారు. అది అవగానే గంట పాట అందుకున్నాడు. మధ్యలో వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగితే, అవతలి గట్టు నుంచి ఎవరో తర్వాతి చరణం పాడారు! ఆడపిల్లలం గుడారాల్లోకి పరుగెత్తామని మగపిల్లలు ఇప్పటికీ అంటారు. ముందు పరుగెత్తింది ఎవరో కుట్టు టీచరుగారికి తెలుసు. అవతల వలలు సర్దుకుంటున్న పడవాయన పాడాడని తెలిశాక, అంత దూరపు గొంతు పక్కనే ఉన్నట్టు ఎలా వినపడిందని ఆకాశవాణి అడిగింది. చీకటి పడ్డాక నేలనూ నీటినీ అంటుకున్న గాలి చల్లబడి, దాని పైన వెచ్చని గాలి నిలిచిన రాత్రుల్లో శబ్దం పైకి పోకుండా వంగి మళ్ళీ కిందికే వస్తుందని మాస్టారు చెప్పారు. శబ్దం వంగుతుందన్న మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

రెండో రోజు ఉదయం మాస్టారు మమ్మల్ని చెరువు సన్నబడే పాయ దగ్గరికి తీసుకెళ్ళారు. అవతలి ఒడ్డున, నీళ్ళలోకి వేళ్ళు దిగిన ఒంటి మద్దిచెట్టు. తెల్లని బెరడు ఎండకు మెరుస్తోంది. పైకొమ్మ మీద నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. "అవతలికి వెళ్ళకూడదు. నీళ్ళలో దిగకూడదు. ఈ పాయ వెడల్పు ఎంతో మధ్యాహ్నానికల్లా చెప్పండి" అన్నారు. మా చేతికి ఇచ్చినవి నాలుగు కర్రలు, పన్నెండు సమభాగాలకు ముడులు వేసిన తాడు, 30 మీటర్ల తాడు ఇంకొకటి.

మీ అందరికీ ఆ బొమ్మ తెలుసు. అయినా రాస్తాను, రాయడం నాకు ఇష్టం. చెట్టుకు ఎదురుగా, సరిగ్గా నీళ్ళు అంటిన చోట మొదటి కర్ర. ముడుల తాడును మూడు, నాలుగు, ఐదు భాగాల త్రిభుజంగా లాగి లంబకోణం తీసుకుని, ఒడ్డు వెంట అరవై అడుగులు నడిచి రెండో కర్ర. అదే వరసలో ఇంకో ముప్పై అడుగులు నడిచి మూడోది. అక్కణ్ణుంచి నీళ్ళ వైపే చూస్తూ, మళ్ళీ లంబంగా ఒడ్డు లోపలికి వెనక్కి నడవాలి. రెండో కర్రా చెట్టూ ఒకే గీతలోకి వచ్చిన చోట ఆగాలి. రెండు త్రిభుజాలూ సరూపాలు. చిన్నదాని భుజం పెద్దదాంట్లో సగం కాబట్టి, లోపలికి నడిచిన దూరానికి రెట్టింపే పాయ వెడల్పు. ప్రాచీన గ్రీకు పండితుడు థేల్స్ ఇలాంటి లెక్కతోనే ఒడ్డున నిలబడి సముద్రంలో ఓడ ఎంత దూరంలో ఉందో చెప్పాడంటారు. అది పుస్తకంలో అప్పటికే చదివాను, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను. కానీ ఆ రోజు వెనక్కి వెనక్కి నడుస్తూ ఒక్కసారిగా కర్ర వెనక్కి చెట్టు వచ్చి దాక్కున్నప్పుడు నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఎవరూ తాకని నీటిని ఇవతల నిలబడి కొలిచేశాం. ఆ క్షణం కోసమే నేను ఈ వృత్తిలోకి వచ్చాను.

అడుగులు ఆకాశవాణివి. తాడు పక్కన నడిపిస్తే 30 మీటర్లకు దాని అడుగులు 45 వచ్చాయి. లోపలికి నడిచింది 57. రెట్టింపు 114. అంటే 76 మీటర్లు. పొడుగోడి గుంపు 81 తెచ్చింది, మూడో గుంపు 73 తెచ్చింది. ఎవరిది ఒప్పని పెద్ద గొడవ. మాస్టారు మూడింటినీ ఇసుకలో రాసి, "మీ కొలతలో ఎంత తప్పుండొచ్చో కూడా చెప్పండి. అది చెప్పకపోతే కొలత పూర్తి కాదు" అన్నారు. ఆ తర్వాత, "నీళ్ళు ఎన్నో మెట్టు దాకా ఉన్నాయో రాశారా?" అని అడిగారు.

ఎవరమూ రాయలేదు. చెరువు ఈరోజు ఉన్నట్టు రేపు ఉండదు, నీరు తగ్గితే ఒడ్డు లోపలికి జరుగుతుంది, మొదటి కర్ర చోటు మారిపోతుంది, అప్పుడు ఈ 76 దేనికి 76 అని అడిగారు. నన్నే రేవు దగ్గరికి పరుగెత్తించారు. రాతిమెట్లు పైనుంచి లెక్కపెట్టాను. ఆరు పొడి, ఏడోది తడి. వచ్చి చెబితే, "రాసుకోండి" అన్నారు.

మూడో రాత్రి తెల్లవారుజామున నాలుగింటి కాపలా మా గుడారానిది. చెరువు మీద పొగలా మంచు లేస్తోంది. నీరు ఇంకా వెచ్చగా ఉంది, గాలి చల్లగా ఉంది, నీటి ఆవిరి పైకి లేస్తూనే పొగమంచు అవుతోంది. మాస్టారు శాలువా కప్పుకుని వచ్చి సప్తర్షి మండలం చూపించారు. తోకకు అవతలి కొసన ఉన్న రెండు చుక్కల మధ్య దూరాన్ని ఐదింతలు ముందుకు పొడిగిస్తే ధ్రువనక్షత్రం. చెయ్యి చాచి పిడికిలి పట్టమన్నారు. పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. చెట్ల తలల కింద దిగంతం ఎక్కడుంటుందో ఊహించుకుని అక్కణ్ణుంచి కొలిస్తే ధ్రువుడు పిడికిలిన్నర దాటి ఉన్నాడు. "అదేనమ్మా మనమున్న చోటి అక్షాంశం" అన్నారు. నా చేతిలోకి భూమి వచ్చినట్టనిపించింది. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నేను చేసే పని జలాశయాల అడుగు కొలవడం. పడవకు కట్టిన యంత్రం నీళ్ళలోకి శబ్దం పంపుతుంది, అడుగున తగిలి వెనక్కి వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో చూస్తుంది. నీళ్ళలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. 10 మీటర్ల లోతుకు వెళ్ళి రావడానికి సెకనులో డెబ్బై అయిదో వంతు చాలు. నీటి వేడిని బట్టి ఆ వేగం మారుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు ఒక ఇనుప పలకను తెలిసిన లోతుకు దింపి, యంత్రం సరిగ్గా చెబుతోందో లేదో చూసుకుంటాం. ఆకాశవాణిని తాడు పక్కన నడిపించినట్టే. వాగు వచ్చి చెరువులో కలిసే చోట ప్రవాహం నెమ్మదిస్తుంది, అక్కడే మట్టి దిగబడి జలాశయం నిండే తావు ఏటా తగ్గుతుంది. ఎంత తగ్గిందో మా బృందం లెక్క చెబుతుంది. బృందంలో పదకొండు మంది. అందులో ఆడపిల్లలు ఐదుగురు, ఇద్దరి ఇళ్ళకు నేనే వెళ్ళి మాట్లాడి వచ్చాను. నేను సంతకం పెట్టిన ప్రతి నివేదికలోనూ మొదటి పేజీలో ఆ రోజు నీటిమట్టం, చివరి పేజీలో ఎంత తప్పుండొచ్చో ఉంటాయి.

మూడేళ్ళ కింద వేరే పని మీద అటు వెళ్ళినప్పుడు చెరువు దగ్గర ఆగాను. గట్టు మీద బెంచీలు వేశారు, మిట్ట దగ్గర ఇప్పుడు సిమెంటు చప్టాల మీద గుడారాలు వేసుకుంటున్నారు. మన మద్దిచెట్టు ఉంది. కాంతితో దూరం కొలిచే యంత్రం బండిలోనే ఉంది. దించబోయి మెట్ల వైపు చూశాను. నీళ్ళు పదకొండో మెట్టు మీద ఉన్నాయి. పెట్టె మూసేశాను.

మరుసటేడు వానలు బాగా పడ్డాయి, మత్తడి దూకిందని తెలిసింది. రేవు పక్కన ఉండే అబ్బాయికి నా నంబరు ఇచ్చి, నీళ్ళు తగ్గుతూ ఏడో మెట్టుకు రాగానే చెప్పమన్నాను. ఫిబ్రవరి రెండో వారంలో ఫోన్ చేశాడు. సెలవు పెట్టి వెళ్ళాను. ఆకాశవాణి కూడా వచ్చింది, పిల్లల పరీక్షలు పక్కన పెట్టి మరీ. పడవాయన కొడుకు అవతలికి వెళ్ళి చెట్టు మొదట్లో, కాంతిని యంత్రానికి తిప్పి పంపే అద్దం పట్టుకున్నాడు. నీళ్ళు అంటిన చోట యంత్రం నిలబెట్టి నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ ఒకటే, సెంటీమీటరు కూడా అటూ ఇటూ కాలేదు. ఆకాశవాణి అక్కడే కూలబడి ఏడ్చింది.

అక్కడి నుంచే మాస్టారికి ఫోన్ చేశాను. ఇప్పుడు సరిగ్గా వినపడదు, గట్టిగా మాట్లాడాలి. "మాస్టారూ, చెరువు దగ్గరున్నాం, పాయ మళ్ళీ కొలిచాను" అని అరిచాను.

"నీళ్ళు ఎన్నో మెట్టు మీదున్నాయి?"

"ఏడోది మాస్టారూ."

"అయితే ఇప్పుడు చెప్పు."

"75 మీటర్ల 40 సెంటీమీటర్లు."

కాసేపు ఏమీ వినపడలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత నెమ్మదిగా, ఎదురుగా ఇసుకలో చూసి చదువుతున్నట్టు అన్నారు: "మీది 76. మూడో గుంపుది 73. పొడుగోడి వాళ్ళు రాళ్ళల్లో అడుగు కుదించి వేశారమ్మా, అందుకే 81 వచ్చింది."